చదివేవాడి బుట్ట

కోరుట్ల బజారు వెనక, చుట్టినవాటిని వేడికి ఆరబెట్టే భట్టీ పక్కన, ఒక పొడుగాటి పెంకుటింట్లో ఉండేది బీడీల కార్ఖానా. లోపల రెండు వరుసలుగా చాపలు. ఆడవాళ్ళు కిటికీల వైపు, మగవాళ్ళు గోడ వైపు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక చేట. చేటలో ఒక పక్క తడిపి కత్తిరించిన తునికాకు, ఇంకో పక్క తంబాకు. కొత్తగా వచ్చినవాళ్ళకు ముందు ముక్కు మండుతుంది, తరవాత కళ్ళు నీళ్ళు కారతాయి, నాలుగు రోజులకు ఏదీ తెలియకుండా పోతుంది.

పని చేతులకే. చెవులకు లేదు. అందుకని ఆ కార్ఖానాలో ఎప్పటినుంచో ఒక పద్ధతి నడుస్తోంది. ఒకరు మధ్యలో స్టూలు మీద కూర్చుని చదవాలి. మిగతావాళ్ళు వింటూ చుట్టాలి. చదివేవాడికి ఆ రోజు పని పోతుంది కదా, అందుకు స్టూలు కింద ఒక బుట్ట పెడతారు. సాయంత్రం లేచిపోయేటప్పుడు ఒక్కొక్కరూ తాము చుట్టిన వాటిలోంచి పిడికెడు బీడీలు ఆ బుట్టలో వేసి పోతారు. కథ బాగుంటే పిడికిలి పెద్దదవుతుంది. బాగాలేకపోతే మల్లన్న లాంటివాడు రెండు బీడీలు విసిరి, "ఇయ్యాల గింతే పంతులూ, నిద్రొచ్చింది" అని పోతాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొన్నాళ్ళకు ఆ స్టూలు అంబదాస్‌కు వచ్చింది. పద్మశాలీల పిల్లవాడు. పాతికేళ్ళు నిండలేదు. నిజాం కాలంలో నాలుగు జమాతులు ఉర్దూలో చదివాడు. తెలుగు అక్షరాలు కిరాణా దుకాణం పొట్లాల మీద తనే నేర్చుకున్నాడు. లెక్కలంటే మరీ చురుకు. ఎవరి వారం లెక్క ఎంతైందో వాళ్ళకంటే ముందు అతని నోటికి వచ్చేది. ఎట్లాగైనా మెట్రిక్ కట్టి గట్టెక్కాలని పట్టుదల. అతని వెనక ఉండి తోసేది అక్క శంకరవ్వ.

అవ్వ, బాపు పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చి, కార్ఖానాలో చివరి కిటికీ పక్కన కూర్చుంది. అక్కడి నుంచి లేవలేదు. ఆమెది ఎడమ చేతి వాటం. అన్నం మాత్రం చిన్నప్పుడు దెబ్బలు తిని కుడి చేత్తో నేర్చుకుంది గానీ బీడీ దగ్గర ఎవరి మాటా వినలేదు. అందరి బీడీలకూ దారం కుడికి తిరిగి ఉంటే శంకరవ్వ బీడీకి ఎడమకు తిరిగి ఉండేది. నడుము సన్నగా, మూతి బిర్రుగా, చీకట్లో తడిమి చూసినా ఆమె చెయ్యి తెలిసిపోయేది.

అందరూ సాయంత్రం పిడికిలి వేస్తే ఆమె పొద్దున్నే వేసేది. వచ్చి కూర్చుని, మొదటి పిడికెడు చుట్టి, లేచి వచ్చి బుట్టలో వేసిపోయేది.

"ముందుగాల్నే ఇస్తున్న. నడుమ లేసి పోవద్దు మరి," అనేది.

ఏ కథ అయిపోయినా, అందరూ ఊపిరి పీల్చుకునే లోపలే, ఆ కిటికీ దగ్గర నుంచి మెల్లగా ఒక్కటే మాట వినిపించేది.

"ఇంకోటి సదువు, తమ్మీ."

*

ఆ ఏడు వానాకాలం ముందు, ఊళ్ళో కొత్తగా తెరిచిన గ్రంథాలయం నుంచి అంబదాస్ ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. దేశదేశాల పాత దెయ్యాల కథలు, ఎవరో తెలుగులో రాసినవి. అట్ట చిరిగి, లోపల చెదలు తిన్న వాసన. అందులో దెయ్యాలన్నీ కొండల మీది బంగళాల్లో ఉండేవి. బయట ఎప్పుడూ మంచు కురుస్తూ ఉండేది.

"మంచంటే ఏంది పంతులూ?" అని అడిగాడు మల్లన్న.

"ఆకాశంకెల్లి దూది లెక్క పడుతదట."

"అట్లయితే మా సాలోల్లకు పండుగనే. ఏకి, వడికి, నేసుకుందుము."

ఐలవ్వ అనే ముసలామె కత్తెర పక్కన పెట్టి నవ్వింది. "దయ్యాలు గూడ దొరలేనారా? అన్ని బంగళాలల్లనే ఉండె."

"మన దిక్కుకు అస్తే వాటికి ఉండనీకి జాగ ఏది, పెద్దవ్వా? మనకే లేకపాయె," అన్నాడు మల్లన్న.

నవ్వేవాళ్ళు గానీ, కథ ముదిరేకొద్దీ కార్ఖానా అంతా ఒక్కటయ్యేది. భయం వేసే చోటు రాగానే అందరి చేతులూ ఒక్కసారి ఆగేవి. కత్తెర్ల చప్పుడు ఠక్కున నిలిచిపోయేది. ఆ గడియ దాటగానే మళ్ళీ అన్నీ ఒకేసారి మొదలయ్యేవి. అంబదాస్‌కు స్టూలు మీద అదొక గర్వం. కళ్ళు పుస్తకం మీద ఉన్నా, ఆ ఆగడాన్ని బట్టే కథ ఎట్లా పోతోందో తెలుసుకునేవాడు.

ఒక కథ ఇట్లా మొదలైంది. సముద్రం ఒడ్డున ఒక ఇల్లు. అందులో ఒక విధవరాలు ఒంటరిగా ఉంటుంది. భర్త పడవ మీద పోయి తిరిగి రాలేదు. అయినా ఆమె రోజూ పొద్దుగూకగానే రెండు కంచాలు పెడుతుంది. తను తిని, రెండోది అట్లాగే వదిలి పడుకుంటుంది. ఒకనాడు పొద్దున లేచి చూస్తే రెండో కంచం ఖాళీ. మరునాడూ అంతే. పిల్లి కాదు, కుక్క కాదు. కంచం పక్కన ఉప్పునీళ్ళ తడి. చివరికి ఒక సాయంత్రం ఆమె అన్నం వడ్డించి, దీపం తగ్గించి, ఎవరు తింటున్నారో చూద్దామని తెర వెనక దాక్కుంటుంది...

అక్కడికి పని చాలించే భట్టీ గంట కొట్టింది. అంబదాస్ ఆ పేజీలో ఒక తునికాకు ముక్క పెట్టి పుస్తకం మూశాడు.

"ఎవలు తింటున్నరు, తమ్మీ?" అని దారి పొడుగునా అడిగింది శంకరవ్వ. "పెనిమిటేనా?"

"రేపు సదువుత గదా."

"నువ్వు ముందే చూసినవేమో. చెప్పరాదు?"

"నేను గూడ చూడలే అక్కా. అందరితోనే చూస్త."

ఆమె నవ్వి, దగ్గి, దారిలో ఒక అరుగు మీద కూర్చుంది. ఆ దగ్గు చాలా నెలలది. తంబాకు దుమ్ముకు ఆ కార్ఖానాలో అందరికీ ఉండేదే. ఆ రాత్రికి జ్వరం వచ్చింది. తరవాత రక్తం పడింది. జగిత్యాల దవాఖానాకు తీసుకుపోదామని బండి మాట్లాడి ఇంటికి వచ్చేసరికి, ఐలవ్వ గడపలో కూర్చుని ఉంది. అతణ్ణి చూసి లేవలేదు.

*

అంబదాస్ ఏడవలేదు. అందరూ ఏడ్చారు. అతని పెళ్ళాం గంగుబాయి గోడకు తల కొట్టుకుంది. అతను మాత్రం కట్టెల లెక్క, బియ్యం లెక్క తనే చూసుకున్నాడు. చెయ్యవలసినవన్నీ చేశాడు. చన్నీళ్ళలో చాలాసేపు పెట్టిన చెయ్యి ఎట్లా ఉంటుందో, లోపల అట్లా ఉంది. గిల్లినా తెలియదు. కావాలని ఒకటి రెండుసార్లు అక్క కత్తెర తీసి వేలి కొనకు ఆనించి చూశాడు. రక్తం వచ్చింది. అంతే.

'అక్కా' అనే మాట మాత్రం అతని నోటి వెంట మళ్ళీ రాలేదు.

కార్ఖానాలో ఒకరు పోతే ఆ జాగా వాళ్ళ ఇంటివాళ్ళకే. ఎవరూ రాకపోతే బయటివాళ్ళకు పోతుంది. అందుకని దినవారాలు కాగానే గంగుబాయి వచ్చి చివరి కిటికీ పక్కన కూర్చుంది. అదే చేట, అదే కత్తెర. గలగలమని మాట్లాడే మనిషి. బోథ్ దిక్కు పిల్ల, మాటకు మాట మరాఠీ కలిపేది. కుడి చేత్తో గబగబా చుట్టేది. నడుము లావుగా వచ్చేవి.

"గివి బీడీలా, బెండకాయలా?" అని మల్లన్న ఎగతాళి చేస్తే,

"కాల్చెటోనికి పొగ కావాలె గాని నడుమెందుకు?" అని ఎదురు తిరిగేది.

మొదటిరోజు అంబదాస్ స్టూలు ఎక్కి పుస్తకం తెరిస్తే తునికాకు ముక్క ఉన్న చోటే తెరుచుకుంది.

"గది ఇడిసిపెట్టు, కొడుకా," అంది ఐలవ్వ. "ఆమె ఇనంది మనకెందుకు."

అందరూ అవునన్నారు. అతనికి అవునూ లేదు, కాదూ లేదు. పేజీలు తిప్పి తరవాతి కథ అందుకున్నాడు.

సాయంత్రం గంట కొట్టగానే, ఇంకా ఎవరూ లేవకముందే, కాళ్ళకు అడ్డం వస్తోందని బుట్టను ముందుకు లాగాడు. అడుగున పిడికెడు బీడీలు ఉన్నాయి.

ఒకటి తీసి చూశాడు. నడుము సన్నగా ఉంది. మూతి బిర్రుగా ఉంది. దారం ఎడమకు తిరిగి ఉంది.

భయం వేయాలి. వేయలేదు. అరచేతిలో పెట్టుకుంటే ఆ బీడీలు ఇంకా తడిగా, అప్పుడే చుట్టినట్టు ఉన్నాయి. మళ్ళీ బుట్టలోనే పెట్టాడు. వాటి మీద అందరూ తమ తమ పిడికిళ్ళు వేసి పోయారు.

పనికిరాని బీడీలు ఏరి పక్కన పడేసే పని బాబు మియాది. అతను దీపం ముందు కూర్చుని, అంబదాస్ బుట్టను కుమ్మరించుకున్నాడు. అడుగున ఉన్నవాటిలో ఒకటి చేతికి వచ్చింది. దీపానికి ఎత్తి తిప్పి చూశాడు. అంబదాస్ ముఖం చూశాడు. పెదవులు కదిలించి తనలో తాను ఏదో చదువుకుని, ఆ బీడీని మంచివాటి వైపే పెట్టాడు.

"జర జాగ్రత్త, భాయ్," అన్నాడు.

మరునాడు మళ్ళీ వచ్చాయి. ఆ మరునాడూ వచ్చాయి. అతను చదివిన రోజు వచ్చేవి. పండుగకో జాతరకో కార్ఖానా మూసి చదవని రోజు వచ్చేవి కావు. అంబదాస్ ఇది ఎవరికీ చెప్పలేదు. రోజు మొత్తంలో అతనికి ఏదైనా తెలిసేది ఆ ఒక్క గడియలోనే, అరచేతిలో ఆ తడి. అందుకోసం ఇంకా పొద్దున్నే వచ్చేవాడు. ఇంకా గట్టిగా చదివేవాడు. మెట్రిక్ పుస్తకాలు ఇంట్లో దుమ్ము పట్టాయి.

*

గంగుబాయి చిక్కిపోతోందని అతనికంటే ముందు ఐలవ్వ చూసింది.

"నీ పెండ్లాన్ని చూసినవా కొడుకా? ముచ్చట్లు బందు పెట్టింది. మల్లన్న మాటన్నా కిక్కురుమంటలేదు."

అప్పుడు చూశాడు. నిజమే. గంగుబాయి పొద్దంతా వంచిన తల ఎత్తడం లేదు. చేటలో ఆకు అయిపోతోంది, తంబాకు అయిపోతోంది, సాయంత్రానికి కట్టలు మాత్రం సగమే తేలుతున్నాయి. మిగతావి ఏమయ్యాయంటే ఆమెకు తెలియదు.

మరునాడు చదువుతూ చదువుతూ, ఒక భయం చోటు రానిచ్చి, కళ్ళు మాత్రం పైకెత్తాడు. అందరి చేతులూ ఆగాయి. చివరి కిటికీ దగ్గర మాత్రం ఆగలేదు. గంగుబాయి ఎడమ చేత్తో చుడుతోంది. బొటనవేలు ఆకును లోపలికి నొక్కే తీరు... దారాన్ని పంటితో పట్టి లాగే తీరు... చుట్టడం కూడా మెల్లగా, తొందర లేకుండా. అతనికి చిన్నప్పటి నుంచీ తెలిసిన చెయ్యి.

ఇంట్లో అన్నం దగ్గర అడిగాడు.

"ఎడమ చెయ్యితోని ఎప్పుడు నేర్చినవు?"

"ఏంది?"

"బీడీ."

గంగుబాయి తన ఎడమ చేతిని దీపం దగ్గర పెట్టి చూసుకుంది. వేళ్ళ కొనలు కోసుకుపోయి ఉన్నాయి. కొత్తవాళ్ళకు అట్లా అవుతుంది.

"గిది నొస్తది," అంది మెల్లగా. "ఎందుకో తెల్వది. కార్ఖానల కూసుంటనా... నువ్వు సదువుడు షురూ చేస్తవు. ఇగ నాకు యాదికుండదు. గంట కొడితెనే తెలివొస్తది."

"కథలేం ఇంటలేవా?"

"ఇంటున్నట్టే ఉంటది. ఎవలో నా ముంగట కూసోని ఇంటున్నట్టు. నేను ఎనుక కూసున్నట్టు."

తరవాత దగ్గింది. అంబదాస్ ఆ దగ్గు విన్నాడు. లోపల నుంచి, లోతు నుంచి, పీల్చుకున్నట్టుగా వచ్చే దగ్గు. ఆ దగ్గు ఎక్కడి నుంచి మొదలై ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు. నీళ్ళ చెంబు అందించాడు. భయం వేయాలి కదా అని అనుకున్నాడు.

మరునాడు ఐలవ్వకు మొత్తం చెప్పాడు. బుట్ట సంగతి, దారం సంగతి.

"సదువుడు బందు పెట్టి చూడు," అంది ముసలామె.

బంద్ పెట్టాడు. గొంతు బాగాలేదని చెప్పి చేట పట్టుకుని గోడ వైపు కూర్చున్నాడు. కార్ఖానాలో కత్తెర్ల చప్పుడు ఒక్కటే మిగిలింది. బుట్టలో ఏమీ రాలేదు. కానీ గంగుబాయి చేతులు కదలనే లేదు. పొద్దంతా ఖాళీ స్టూలు వైపు చూస్తూ కూర్చుంది. రెప్పలు కూడా చాలా అరుదుగా వేసింది. సాయంత్రం లేపితే ఒళ్ళు కాలిపోతోంది. తుండుగుడ్డ తీసి నోరు తుడిస్తే గుడ్డకు ఎర్రగా అంటింది.

"సగంల ఉన్నది గదరా మీ అక్క," అంది ఐలవ్వ చెవి దగ్గర. "సగం కథల ఇడిసిపెట్టినం. నా నోటితోనే ఇడిసిపెట్టుమన్న. అది మనం చేసిన తప్పు. సదివెయ్యి. ఇని పోతది."

అంబదాస్‌కు అర్థమైంది. చదివేస్తే అక్క పోతుంది. అరచేతిలోకి ఇక ఆ తడి రాదు. చదవకపోతే గంగుబాయి పోతుంది. ఇంత పెద్ద లెక్క అతని ముందు ఎప్పుడూ పడలేదు. లెక్క తేలడానికి మాత్రం ఒక్క క్షణం పట్టలేదు. పుస్తకంలో మిగతా కథలన్నీ అయిపోయాయి. అదొక్కటే మిగిలింది.

*

మరునాడు పొద్దున్నుంచే ముసురు. మధ్యాహ్నానికి కార్ఖానాలో ఎవరి ముఖం ఎవరికీ కనపడనంత మబ్బు. బాబు మియా కందిలి వెలిగించి స్టూలు దగ్గర దూలానికి వేలాడదీశాడు. పెంకుల మీద వాన. తడిసిన గోనెల వాసన, తంబాకు ఘాటు, భట్టీ పొగ, అన్నీ కిందికి దిగి చాపల మీదే నిలిచాయి.

అంబదాస్ పుస్తకం తెరిచాడు. తునికాకు ముక్క ఎండి పొడి అయింది. చెయ్యి తగలగానే రాలిపోయింది.

"గదేనా?" అన్నాడు మల్లన్న.

"గదే."

ఎవరూ వద్దనలేదు. ఐలవ్వ కళ్ళు మూసుకుంది.

అతను చివరి కిటికీ వైపు చూడకుండా మొదలుపెట్టాడు. విధవరాలు దీపం తగ్గించింది. రెండు కంచాలు. తెర వెనక నిలబడింది. బయట సముద్రం హోరు. లోపల ఏ చప్పుడూ లేదు. తలుపు తెరుచుకోలేదు. ఎవరూ రాలేదు...

కత్తెర్లు ఆగాయి.

...ఎవరూ రాలేదు. కానీ రెండో కంచంలో అన్నం తగ్గుతోంది.

వాన ఒక్కటే. అంబదాస్‌కు తన గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉంది. కిటికీ దగ్గర ఊపిరి వినిపిస్తోంది. పీల్చుకుంటూ... ఆగుతూ... పీల్చుకుంటూ. ఒక్క ఊపిరేనా? రెండా? తల ఎత్తితే చదవలేనని తెలుసు. ఎత్తలేదు.

...ఆమె గుడ్లప్పగించి చూస్తోంది. కుర్చీలో ఎవరూ లేరు. కంచం ఖాళీ అవుతోంది. అప్పుడు తెర వెనక, ఆమె భుజం మీద, ఒక తడి చెయ్యి పడింది. ఉప్పునీళ్ళ వాసన. భర్త గొంతు ఆమె చెవిలో మెల్లగా అన్నది... 'నేను కూడా అందుకే వచ్చాను. ఎవరు తింటున్నారో చూద్దామని.'

అంతే. కింద ఒక గీత. గీత కింద సంపూర్ణం అని ఉంది.

అంబదాస్ పుస్తకం మూశాడు.

పెంకుల సందున నీళ్ళు కారి ఒక చేటలో పడుతున్నాయి. టప్... టప్... అతను ఎదురు చూస్తున్నాడు. ఏ కథ తరవాతైనా వచ్చే మాట కోసం. రావద్దని ఎదురు చూస్తున్నాడో, రావాలని ఎదురు చూస్తున్నాడో అతనికే తెలియదు.

"జరన్ని నీళ్లియ్యరాదుర్రి ఎవలన్న," అంది గంగుబాయి.

ఆమె గొంతే. బోథ్ యాసే. తల ఎత్తి, కళ్ళు నులుముకుని, చుట్టూ చూస్తోంది. "గిదేంది, గింత చీకటయింది? నన్ను లేపకపోతిరి!" కుడి చేత్తో చెంబు అందుకుని గటగటా తాగింది. ఐలవ్వ ఆమె నుదురు పట్టి చూసింది. జ్వరం లేదు.

అంబదాస్ గోడకు ఆనుకున్నాడు. అయిపోయింది. గంగుబాయి మిగిలింది. సంతోషం రావాలి. ఏడుపైనా రావాలి. లోపల చెయ్యి పెట్టి వెతుక్కున్నాడు. ఏదీ తగలలేదు.

గంట కొట్టింది. గంగుబాయి, పొద్దున ఇంటి నుంచి తెచ్చిన గోనెసంచి కొప్పెర నెత్తిన కప్పుకుని, "నేను అరుగు మీద ఉంట. జల్ది రా," అని ముందు బయటికి నడిచింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి బుట్టలో పిడికిళ్ళు వేశారు. ఎప్పటికంటే పెద్ద పిడికిళ్ళు. మల్లన్న రెండు చేతులా వేశాడు. వేసి, ఎవరూ ఇంటికి పోలేదు. మళ్ళీ వెళ్ళి ఎవరి చాప మీద వాళ్ళు కూర్చున్నారు. వాన తగ్గేదాకా ఆగుతున్నారనుకున్నాడు అంబదాస్.

బాబు మియా బుట్టను కందిలి కిందికి లాక్కున్నాడు. ఒక బీడీ తీశాడు. తిప్పాడు. ఇంకొకటి తీశాడు. అడుగు నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. అతని చేతులు తొందరపడ్డాయి.

"భాయ్," అన్నాడు.

"ఏంది?"

"జర చూడు... అన్ని..."

అంబదాస్ వంగి చూశాడు. మల్లన్న చేతివి. ఐలవ్వ చేతివి. గోడ వైపు వాళ్ళవి, కిటికీ వైపు వాళ్ళవి. నడుము సన్నగా ఉన్నాయి. మూతి బిర్రుగా ఉన్నాయి. అన్నిటికీ దారం ఎడమకు తిరిగి ఉంది.

"ఇంకోటి సదువు, తమ్మీ."

మల్లన్న అన్నాడు. ఎప్పుడూ పంతులూ అని పిలిచే మల్లన్న. మెల్లగా, మెత్తగా అన్నాడు. ముఖంలో ఎగతాళి లేదు.

"అయిపోయింది, అక్కా," అన్నాడు అంబదాస్.

అన్నాక తెలిసింది, ఏమన్నాడో.

"ఇంకోటి," అంది ఐలవ్వ అదే గొంతుతో.

"పుస్తకంల ఇంక లేవు. అన్ని అయిపోయినయి."

కోపం లేదు, బతిమాలడం లేదు. అందరూ తలలు వంచి, ఎడమ చేత్తో ఆకు అందుకున్నారు. కత్తెర్లు మొదలయ్యాయి. బాబు మియా కూడా కందిలి కింద నుంచి జరిగి, ఎన్నడూ చేట పట్టనివాడు, ఒక చేట ఒళ్ళోకి తీసుకున్నాడు.

అంబదాస్ స్టూలు దిగాడు. పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. ఎవరూ ఆపలేదు. తలుపు దాకా వచ్చాడు. బయట అరుగు మీద గంగుబాయి కొప్పెర సర్దుకుంటూ, "ఎంతసేపయ్యా, చెరువు తెగుతదేమో. దా, పోదాం," అంటోంది. అరుగు నాలుగు అడుగుల దూరంలో ఉంది.

అప్పుడు వెనక కత్తెర్లు ఆగాయి. అన్నీ. ఒక్కసారి.

తిరిగి చూశాడు. అందరి ముఖాలూ స్టూలు వైపు ఉన్నాయి. కందిలి వెలుగులో స్టూలు ఖాళీగా ఉంది. ఐలవ్వ నోరు కొంచెం తెరిచి వింటోంది. మల్లన్న కనుబొమలు ముడిచాడు. భయం చోటు... అది దాటింది. మళ్ళీ అన్ని చేతులూ ఒకేసారి మొదలయ్యాయి. కాసేపటికి మళ్ళీ ఆగాయి. ఎవరో గుటక మింగారు.

కథ నడుస్తోంది.

అక్క వింటోంది. ఇంతమంది చేతుల్లో ఉండి వింటోంది. మరి చదువుతున్నది ఎవరు?

అంబదాస్ చెవులు రిక్కించాడు. వాన. పెంకులు. చేటలో పడే నీళ్ళు. ఒక్క మాట వినపడలేదు. అందరికీ వినిపిస్తోంది. అతనొక్కడికే వినిపించడం లేదు. ఇన్ని నెలలుగా ఏదీ తాకని ఆ చోట, మొదటిసారి, సన్నగా ఏదో కదిలింది. భయం కాదు. వినాలని.

"ఓ... ఇంటున్నవా? దా..." గంగుబాయి బయట పిలుస్తోంది.

అతను తలుపు దగ్గర నుంచి వెనక్కి నడిచాడు. చివరి కిటికీ పక్కన జాగా ఖాళీగా ఉంది. చాప ఇంకా వెచ్చగా ఉంది. కూర్చున్నాడు. చేట ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆకు తీసి, తంబాకు పోసి, చుట్టడం మొదలుపెట్టాడు. ఏ చేత్తోనో చూసుకోలేదు. ఖాళీ స్టూలు వైపు చూస్తూ, వినడానికి ప్రయత్నిస్తూ కూర్చున్నాడు. ఏమీ వినపడలేదు.

గంగుబాయి తలుపులోకి వచ్చి, నీళ్ళు కారుతున్న కొప్పెరతో నిలబడి, అతని పేరు పెట్టి పిలిచింది. మొగుణ్ణి ఆమె ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు.

అప్పుడే కార్ఖానాలో అన్ని చేతులూ ఆగిపోయాయి.

అతని చేతులు కూడా ఆగిపోయాయి.